ఫ్రెంచి నేర్చుకుని పైలట్ అయిన బెస్సీ

బదిలీ అయినప్పుడల్లా మనం ముందు సామాను సర్దుకుంటాం, కొత్త ఊళ్ళో దిగాక అక్కడి భాష నేర్చుకుంటాం. బెస్సీ కోల్‌మన్ మాత్రం ముందే భాష నేర్చుకుని ఓడ ఎక్కింది. ఆమె పైలట్ చదువు అలా మొదలైంది.

1892లో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడు పత్తి ఏరింది. పెద్దయ్యాక షికాగోలో ఒక క్షౌరశాలలో గోళ్ళు తీర్చిదిద్దే పని. విమానం నడపడం నేర్చుకుంటానంటే అమెరికాలో ఏ శిక్షణ పాఠశాలా చేర్చుకోలేదు. ఆడపిల్ల, పైగా నల్లజాతి! ఫ్రాన్సులో నేర్పుతారని తెలిసి, పనిచేసుకుంటూనే ఫ్రెంచి నేర్చుకుంది.

1920 నవంబరులో బయలుదేరి, లె క్రోటోయ్ అనే ఊళ్ళో కోద్రాన్ సోదరుల పాఠశాలలో చేరింది. విమానాన్ని ఒరిగించి తిప్పడం, గాలిలో పల్టీ కొట్టించడం, సుడి తిరుగుతూ పడిపోతుంటే నిలబెట్టడం, అన్నీ పరాయి భాషలో విని చెయ్యాలి. మన తరగతిలో ఒక మాట తప్పుగా వింటే పోయేది అర మార్కు. అక్కడ ప్రాణమే పోవచ్చు. 1921 జూన్ 15న అంతర్జాతీయ లైసెన్సు చేతికొచ్చింది.

అయితే ఆ లైసెన్సు కూడు పెట్టలేదు. ఎగిరి సంపాదించాలంటే ఆమెకున్న దారి విన్యాసాలే. నేర్చింది చాలదని 1922లో మళ్ళీ యూరప్ వెళ్ళి శిక్షణ పొందింది. తిరిగొచ్చి ప్రదర్శనలిచ్చింది. టెక్సాస్‌లో ఒకచోట నల్లవారికి వేరే గేటు పెడితే ఎగరనని భీష్మించింది. చివరికి అందరికీ ఒకే గేటు పెట్టారు.

తనవాళ్ళ కోసం పైలట్ పాఠశాల తెరవాలని ఆమె కోరిక. 1926 ఏప్రిల్ 30న జాక్సన్‌విల్‌లో విమాన ప్రమాదంలో 34 ఏళ్ళకే పోయింది. 1929లో లాస్ ఏంజెలస్‌లో విలియం పావెల్ నల్లజాతివారి కోసం ఫ్లయింగ్ క్లబ్బు పెట్టి, దానికి బెస్సీ పేరు పెట్టాడు.