చెల్లాచెదురు కాని సంపద: మూడవ సాలార్ జంగ్ జీవితం

మన పాలకొల్లులో పాత ఇళ్ల అటకలు దించితే తాతల నాటి గడియారమో, తాళంచెవి తిప్పితే నడిచే రేకు రైలుబొమ్మో బయటపడవచ్చు. పాతసామాన్ల వ్యాపారి దానిని తూకం వేసి ధర కడతాడు. వస్తువు విలువ తూకంలో లేదని గ్రహించుటకు హైదరాబాదు నవాబు ఒకరి జీవితం చాలును.

నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్, అనగా మూడవ సాలార్ జంగ్, 1889 జూన్ 13న పూణేలో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. నిజాం రాజ్యానికి దివానుగా ఖ్యాతి గడించిన మొదటి సాలార్ జంగ్ ఆయన తాతగారు. మేలిముసుగు రెబెకా పాలరాతి శిల్పాన్ని 1876లో రోము నగరంలో కొన్నది ఆ తాతగారే.

మనుమడు 1912లో ఏడవ నిజాముకు ప్రధానమంత్రి అయి, 1914లో పదవి విడిచారు. అటుపైన సేకరణయే ఆయనకు జీవితం. వివాహం చేసుకోలేదు. దేశవిదేశాల వ్యాపారులు తెచ్చిన శిల్పాలు, గడియారాలు, వ్రాతప్రతులు, గ్రంథాలు దివాన్ దేవిడీని నింపివేశాయి.

1949 మార్చి 2న ఆయన కన్నుమూశారు. సంతానం లేదు. పంపకాలలో ఆ సంపద ముక్కలై అంగళ్ల పాలయ్యే ప్రమాదం ఏర్పడింది. ప్రభుత్వం ఎస్టేటు నిర్వహణకు ఒక సంఘాన్ని నియమించింది. 1951 డిసెంబరు 16న పండిత నెహ్రూ దివాన్ దేవిడీలోనే మ్యూజియమును ప్రారంభించారు. తరువాత వారసులు రాజీకి అంగీకరించగా, సేకరణ జాతిపరమైంది. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో అది మూసీ ఒడ్డున నేటి భవనానికి చేరింది. అక్కడి బాలల విభాగంలో ఆటబొమ్మలకు సైతం చోటున్నది.

విలువ కట్టే నేర్పు కూడా ఇందులోనే ఉన్నది. రైలుబొమ్మనే తీసుకొనుడు. చేసినవారి ముద్ర, చెరగని తొలి రంగు, తాళంచెవి, పట్టాలు, అట్టపెట్టె అన్నీ ఉన్నప్పుడే దానికి మంచి ధర పలుకుతుంది. మెరుపు కోసం కొత్త రంగు పూస్తే ధర పడిపోతుంది. ఇంజనును ఒకరికి, పెట్టెలను మరొకరికి అమ్మితే మిగిలేది రేకు మాత్రమే.

విద్యార్థులారా! అమ్మకూడదని కాదు, అమ్మేముందు తెలుసుకొనండి. ఆ వస్తువు ఎవరిది, ఎప్పటిది, ఇంటికెలా వచ్చింది అని పెద్దలను అడిగి వ్రాసి ఉంచండి. సాలార్ జంగ్ కొన్నవి వేల వస్తువులు. అవి చెదరక ఒక్కచోట నిలిచినందువల్లనే ఆయన పేరు నిలిచింది.