మేరియా మాంటిసోరి

బడి యను మాట వినినంతనే మన పెద్దలలో అనేకులకు స్మృతికి వచ్చునవి బెత్తమును, కోదండమును. గుక్కపట్టి యేడ్చు పసివానిని ఎత్తుకొనిపోయి పంతులుగారి యెదుట కూర్చుండబెట్టుట విద్యారంభమని మనము చాలకాలము భావించితిమి. ఇది మన దేశమునకే చెల్లిన దోషము కాదు. నాగరకతకు నిలయమని చెప్పుకొను ఐరోపాఖండమునందును పిల్లలు నేలకు బిగించిన బల్లలలో కదలక మెదలక గంటలకొలది కూర్చుండవలసినదే. ఆ బల్లలను తొలగించి, శిశువును లేచి తిరుగనిచ్చి, వాడు తనంతట తానేమి చేయునో ఓపికతో చూచిన విదుషీమణి మేరియా మాంటిసోరి.

ఆమె 1870 సంవత్సరము ఆగష్టు 31వ తేదీన ఇటలీదేశమునందలి కియారవల్లే పట్టణమున జన్మించెను. కుమార్తె ఉపాధ్యాయిని కావలెనని తలిదండ్రుల కోరిక. ఆమె యన్నిటికిని సమ్మతించునది గాని దానికి మాత్రము సమ్మతింపలేదు! మొదట యంత్రశాస్త్రమునందు ఆసక్తి చూపి, పిదప వైద్యవిద్యకు పూనుకొనెను. పురుషులతో కలిసి శవపరీక్ష చేయుట స్త్రీకి తగదని యెంచి, సహాధ్యాయులు వెడలిపోయిన పిదప ఒంటరిగా ఆ పని చేయవలసినదని కట్టడి చేసిరి. అయినను వెనుదీయక 1896లో రోము విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను.

వైద్యురాలిగా ఆమె చూచినది పిచ్చాసుపత్రులలో పడియున్న మందబుద్ధులగు బాలబాలికలను. వారికి కావలసినది మందు కాదు, విద్య యని ఆమెకు తోచెను. ఇటార్, సెగ్విన్ అను ఫ్రెంచి వైద్యుల గ్రంథములను శ్రద్ధతో పఠించి, చేతితో తాకి కంటితో చూచి నేర్చుకొను పరికరములను కల్పించి వారికి చదువు చెప్పెను. వారిలో కొందరు సామాన్యబాలురు వ్రాయు పరీక్షలలో నెగ్గిరి. లోకము ఆశ్చర్యపడినది. ఆమె మాత్రము వేరొక విషయమున కాశ్చర్యపడెను. ఇట్టివారే ఇంతవరకు రాగలిగిరనిన, ఆరోగ్యవంతులగు పిల్లలను మన బడులు ఎంత అణగద్రొక్కుచుండవలెను?

దీనికి సమాధానము వెదకు అవకాశము 1907 జనవరి 6వ తేదీన లభించినది. రోములోని శాన్ లొరెంజో కూలీలు నివసించు పేదపేట. తల్లిదండ్రులు పనికి పోగా పిల్లలు క్రొత్తగా బాగుచేసిన గోడలను పాడుచేయుచుండిరి. గోడలను కాపాడుకొనుటకై ఇండ్ల సొంతదారులగు సంఘమువారు సుమారు 50 మంది పిల్లలను ఒక గదిలో చేర్చి, పర్యవేక్షణకు మాంటిసోరిని పిలిచిరి. గోడలకు వేసిన వెల్ల కొరకు పుట్టిన బడి లోకమునకంతకును ఒజ్జబంతి యైనది! దానికి శిశుగృహమని పేరు పెట్టిరి.

అచ్చట ఆమె చూచినది చెప్పదగినది. మూడేండ్ల బాలిక యొకతె కొయ్యదిమ్మెలోని గుంటలలో అమరు గుండ్రని ముక్కలను తీసి, కలిపివేసి, మరల అమర్చుచుండెను. మాంటిసోరి చుట్టునున్న పిల్లలచేత పాటలు పాడించెను. ఆ పిల్లను కుర్చీతో కూడ ఎత్తి బల్లపై పెట్టించెను. ఆమె తలయెత్తలేదు. 40 సార్లకు పైగా ఆ పని చేసి, తానుగానే ముగించి, నిద్రనుండి లేచినట్లు సంతోషముతో చూచెను. పసివానికి నిలుకడ లేదని నమ్మిన లోకమునకు ఇది మొదటి సమాధానము. మరియొకనాడు ముక్కు చీదుకొనుట యెట్లో ఆమె నేర్పగా పిల్లలందరును చప్పట్లు కొట్టిరట. నిత్యము తిట్లు తినుచున్న విషయమును గౌరవముతో చెప్పినవారు వారికి అంతవరకు ఒక్కరును లేరు.

గరుకు కాగితముతో కత్తిరించిన అక్షరములపై వారు వ్రేలు త్రిప్పుచుండిరి. మన వీధిబడులలో ఇసుకపై ఓనమాలు దిద్దించిన పద్ధతికి ఇది దూరపు చుట్టమే. అయితే ఇచ్చట వ్రేలిని పట్టి ఈడ్చు పంతులు లేడు. ఆ సంవత్సరము డిసెంబరు మాసమున, శీతకాలమయ్యు వసంతమువలె ఎండకాసిన యొకనాడు, ఆమె పిల్లలతో డాబాపై కూర్చుండి అయిదేండ్ల బాలునిచేతికి సుద్దముక్క యిచ్చి, ఎదుటనున్న పొగగొట్టము బొమ్మ వేయుమనెను. వేసినాడు. ఆమె మెచ్చుకొనగా, వాడు ఒక్క క్షణము నిలిచి, నేలపై చేయి యను మాటను వ్రాసెను. పిదప పొగగొట్టము, మిద్దె యను మాటలను వ్రాసి, తనకు వ్రాయుట వచ్చినదని కేకలు వేయసాగెను. తక్కిన పిల్లలును సుద్దకొరకు ఎగబడిరి.

విత్తనము నాటుట, నీరు పోయుట, మొలకకై వేచియుండుట చదువులో భాగమని ఆమె భావించెను. తాను పోయనిచో మొక్క వాడునని తెలిసిన పిల్లవానికి రేపు అను మాటకు అర్థము తెలియును. ఓర్పును ఉపన్యాసముచే నేర్పజాలము, మొలకయే నేర్పును. మన వ్యవసాయదారులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు, కాని తమ పిల్లల చదువును గూర్చి తలచునపుడు వారే దీనిని మరచుచుందురు.

1909లో ఆమె గ్రంథము వెలువడినది. పలు భాషలలోనికి పోయినది. 1913లో అమెరికా ఆమెకు ఘనస్వాగతమిచ్చినది.

ఇక కప్పిపుచ్చరాని ఘట్టమొకటి కలదు. 1924లో ఆమె ముస్సోలినీని కలిసికొని, ఆతని ప్రభుత్వపు ఆదరమును స్వీకరించెను. తన బడులు వర్ధిల్లిన చాలునని యామె తలచి యుండవచ్చును. కాని శిశువునకు స్వేచ్ఛ కోరినామె, పెద్దల స్వేచ్ఛను హరించువాని నీడన పదియేండ్లు నిలుచుట మనము మెచ్చజాలము. ఆ పొత్తు నిలువలేదు. 1934లో తెగతెంపులైనవి; ఇటలీలో ఆమె బడులు మూతపడినవి. జర్మనీలో నాజీలును అట్లే చేసిరి. 1936లో అంతర్యుద్ధము చెలరేగగా స్పెయిన్ విడిచి, హాలెండున తలదాచుకొనెను.

1939 సంవత్సరాంతమున దివ్యజ్ఞానసమాజాధ్యక్షుడగు అరండేల్ ఆహ్వానముపై ఆమె మదరాసు చేరి, అడయారున సుమారు 300 మంది ఉపాధ్యాయులకు శిక్షణమారంభించెను. 1940 జూన్ మాసమున ఇటలీ యుద్ధమున దిగగా, ఆంగ్లప్రభుత్వమునకు ఈ వృద్ధురాలు శత్రుదేశీయురాలైనది! కుమారుడు మేరియోను అహమదునగరపు శిబిరమున నిర్బంధించిరి. ఆ యూరనే రెండేండ్లకు మన పట్టాభి సీతారామయ్యగారు, నెహ్రూ ప్రభృతులు కోటలో బందీలగుదురని అప్పుడెవరెరుగుదురు? ఆమె 70వ జన్మదినమున మేరియోను విడిచిరి. 1942 మొదలు 1944 వరకు కొడైకనాల్ కొండలపై నివసించి, ఆకులను, పూవులను, నాచును పోగుచేయు పిల్లల నడుమ ఆరేండ్లు దాటినవారి విద్యను గూర్చి క్రొత్త ప్రయోగములు సాగించెను.

1931లో లండనున గాంధీమహాత్ముడు ఆమె శిక్షణాలయమున ప్రసంగించెను. ఆయన దృష్టి గ్రామములలోని బీదపిల్లలపైననే యుండినది. ఆ దృష్టి తప్పినదని చెప్పక తప్పదు. కూలీపేటలో పుట్టిన విద్య నేడు మన పట్టణములలో అధిక రుసుము లీయగలవారి బిడ్డలకు అలంకారమైనది. పరికరములు ఖరీదైనవనుట సాకు. భావనగరమున గిజుభాయి బధేకా 1920లోనే బాలమందిరము నెలకొల్పి ఈ పద్ధతిని మన నేలకు తగినట్లు మలచెను. తారాబాయి మోదక్ 1945లో బోర్డీ గ్రామమున పేదల ముంగిటికి దానిని చేర్చెను. మన జిల్లాలలో కలిగినవారు పెండ్లిపందిళ్లకు వెచ్చించు ధనములో పదియవ పాలు చాలదా?

మేరియోను గూర్చి యొక మాట మిగిలినది. 1898లో జన్మించిన ఆ బిడ్డకు తండ్రి ఆమె సహోద్యోగియగు వైద్యుడు, వివాహము జరుగలేదు. బిడ్డను పల్లెలోని యొక కుటుంబమున కప్పగించి, ఆమె అప్పుడప్పుడు పోయి చూచివచ్చుచుండెను. లోకములోని పిల్లలకందరకును తల్లియైనామెకు స్వంతబిడ్డను ఎత్తుకొని వీధిలో నడుచు భాగ్యము లేకపోయినది. తన తల్లి గతించిన పిదప, యౌవనమున అడుగిడుచున్న కుమారుని చేరదీసెను. అయినను లోకమునకు మేనల్లుడనియే చెప్పుచు వచ్చెను. 1952 మే 6వ తేదీన హాలెండునందలి నూర్డ్‌వైక్ గ్రామమున, ఆఫ్రికా ప్రయాణమును గూర్చి యోచించుచుండగానే ఆమె కన్నుమూసెను. ఆమె వ్రాసియుంచిన మరణశాసనమున మేరియో తన కుమారుడని స్పష్టముగ నున్నది.