అన్నమయ్య పాట మీద కాపీరైట్ ఎవరిది?



అన్నమయ్య వర్ధంతికి మనం పెట్టిన వీడియో రెండో రోజుకే కనిపించకుండా పోయింది కదా, ఏమైందని చాలామంది అడిగారు. ఎవరూ తీసేయలేదండీ, నేనే తీశాను. ఎందుకు తీశానో చెప్పాలంటే అన్నమయ్య కథ మొత్తం చెప్పుకోవాలి. అది పది నిమిషాల వీడియోలో పట్టదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

జరిగింది ఇదీ. మా పక్క ఫ్లాట్లో ఒక పెద్దావిడ ఉంటారు. మేం పిన్నిగారు అంటాం. ఎప్పుడో క్యాసెట్ విని నేర్చుకున్న అన్నమయ్య కీర్తన ఒకటి మన వీడియో కోసం పాడారు. తంబూర తప్ప ఇంకే వాయిద్యమూ లేదు, ఎవరి రికార్డింగూ వాడలేదు. అయినా మర్నాడు పొద్దున్నే ఒక ఆడియో కంపెనీ నుంచి కాపీరైట్ క్లెయిమ్. ఆ వీడియో మీద ప్రకటనల డబ్బు ఇకనుంచి వాళ్ళకి వెళ్తుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. 1503లో స్వామిలో కలిసిపోయిన మనిషి పాట వీళ్ళకి ఎప్పుడు సొంతమైంది? ఆ కోపంలోనే పెద్ద డిస్ప్యూట్ రాసి పంపేశాను.

సాయంత్రం పిన్నిగారికి చెప్తే ఆవిడ నాలాగా కోప్పడలేదు. నేను పాడిన బాణీ కూడా అన్నమయ్యదేనా నాయనా అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మూడేళ్ళ నుంచి భక్తి ఛానల్ నడుపుతున్నాను, ఒక్కసారి కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు. వీడియో పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టాను.

అన్నమయ్య జీవితం గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రలోదే. మనలో చాలామందికి 1997లో వచ్చిన సినిమా గుర్తుంటుంది. సినిమా సినిమాయే, చిన్నన్న చెప్పింది వేరు. నేను చిన్నన్ననే పట్టుకున్నాను.

పుట్టింది 1408లో, కడప సీమలో రాజంపేట దగ్గర తాళ్ళపాకలో. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. ఉమ్మడి కుటుంబం. పిల్లవాడికి పాటలు తప్ప పని పట్టదని ఇంట్లో అందరికీ చిరాకు. ఒకరోజు పశువులకి గడ్డి కోసుకురమ్మని పంపారు. కొడవలి జారి చిటికెన వేలు తెగింది. రక్తం కారుతున్న ఆ వేలు చూసుకుని, ఈ బంధాలు నాకెందుకు అనుకున్నాడో ఏమో, ఆ దారినే తిరుపతి పోతున్న యాత్రికులతో కలిసి నడిచిపోయాడు. అప్పటికి ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లాడు ఇంట్లో చెప్పకుండా వెళ్ళిపోతే ఆ తల్లి ఎంత ఏడ్చి ఉంటుందో, ఆ సంగతి సినిమాలవాళ్ళకీ మనకీ తట్టదు.

కొండ ఎక్కుతూ మోకాళ్ళ పర్వతం దగ్గర ఆకలికి సొమ్మసిల్లి, చెప్పులు విప్పకుండానే పడుకుండిపోయాడు. అలమేలుమంగమ్మ పెద్దముత్తైదువ రూపంలో వచ్చి, ఈ కొండంతా సాలగ్రామమని, చెప్పులతో ఎక్కకూడదని చెప్పి, ప్రసాదం తినిపించిందని చిన్నన్న చెప్తాడు. పిల్లవాడు అమ్మవారి మీద అప్పటికప్పుడు శతకం చెప్పాడట. తర్వాత ఘనవిష్ణువు అనే వైష్ణవ గురువు దగ్గర దీక్ష, పెద్దయ్యాక అహోబిలంలో ఆదివన్ శఠకోపయతి దగ్గర శాస్త్రాలు. తిమ్మక్క, అక్కలమ్మ ఇద్దరూ భార్యలు. సుభద్రా కల్యాణం రాసిన కవయిత్రి ఈ తిమ్మక్కే.

రాగి రేకుల్లో మొదటిదాని మీదే ఒక వివరం చెక్కి ఉంది. స్వామి పదహారో ఏట ప్రత్యక్షమయ్యాడని, అది 1424 అని, అప్పటి నుంచి 1503 ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా సంకీర్తనలు చెప్పాడని. దాదాపు ఎనభై ఏళ్ళు. మొత్తం 32 వేల పాటలని చిన్నన్న లెక్క. మనకు దొరికినవి 12 వేలకు పైన. అన్ని పాటల్లోనూ చివరి చరణంలో వేంకటేశ్వరుడి పేరు ఉంటుంది. త్యాగరాజస్వామి అయితే తన పేరు పెట్టుకున్నారు. అన్నమయ్య సంతకం పెట్టాల్సిన చోట కూడా స్వామినే పెట్టాడు.

ఇది చదివాక నా కోపానికి ఇంకా బలం వచ్చింది. చూశారా, ఆయనే తనది అనుకోలేదు, మధ్యలో ఈ కంపెనీ ఎవరు అనుకున్నా. కానీ ఆ తర్వాత చదివిన రెండు విషయాలు ఆ మాట నిలవనివ్వలేదు.

మొదటిది మీకు తెలిసిన కథే. సాళువ నరసింహరాయలు ఇంకా చిన్న పాలకుడిగా టంగుటూరులో ఉన్నప్పుడే అన్నమయ్యతో స్నేహం. ఆయన్ని పిలిపించుకుని, గురువులా చూసుకున్నాడు. రాయలు ఎదిగి పెనుగొండ చేరాడు, అన్నమయ్యా వెళ్ళాడు. ఒకరోజు సభలో స్వామి మీద ఒక శృంగార పదం విని రాయలు పొంగిపోయాడు. అచ్చం అలాంటిదే నా మీద ఒకటి చెప్పమన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. హరిని పొగిడిన నోటితో నరుణ్ణి పొగడలేనన్నాడు. రాయలు ఆయన కాళ్ళకు సంకెళ్ళు వేయించి చెరలో పెట్టాడు. స్వామిని తలుచుకుని పాడితే సంకెళ్ళు ఊడిపోయాయని, రాజు నమ్మక తన కళ్ళ ముందు మళ్ళీ వేయిస్తే మళ్ళీ ఊడిపోయాయని, అప్పుడు కాళ్ళ మీద పడ్డాడని చరిత్ర.

ఈ కథని నేను చిన్నప్పటి నుంచి మహిమగానే విన్నాను. ఇప్పుడు చదివితే ఇంకోటి కనిపించింది. అన్నం పెట్టినవాడు, స్నేహితుడు, పైగా రాజు అడిగినా సరే, తన పాట ఎవరికి వెళ్ళాలో ఎవరికి వెళ్ళకూడదో తేల్చుకునే హక్కు అన్నమయ్య వదులుకోలేదు. పాట అందరిదీ, ఎవరు ఎలా వాడుకుంటే ఏం అనే మనిషి కాదు ఆయన.

రెండోది నాకు అసలు తెలియని సంగతి. తన పాటల్ని అనుకరించి, ఆ మాటలే అటూ ఇటూ మార్చి తమవిగా చెప్పుకునే వాళ్ళ మీద అన్నమయ్య గట్టిగా కోప్పడ్డ కీర్తన ఒకటి ఉంది. రేకుల్లో దొరికింది. అంత శాంతంగా శరణాగతి పాడిన మనిషి అందులో తిట్లకే దిగాడు. అప్పట్లో చట్టమూ లేదు, రాయల్టీ అనే ఊహా లేదు, డబ్బు ప్రసక్తే రాదు. అయినా నా మాటను దొంగిలించారన్న బాధ ఆయనకీ ఉంది. పిన్నిగారికి ఇది చెప్తే ఆవిడ చాలాసేపు నవ్వారు.

సరే, మరి ఆ పాటలు మన దాకా ఎలా వచ్చాయి? కొడుకు పెద తిరుమలాచార్యుల వల్ల. తండ్రి పాటల్ని, తన పాటల్ని రాగి రేకుల మీద చెక్కించాడు. రెండు వేలకు పైగా రేకులు. మామూలుగా ఒక్కో రేకుకి రెండు వైపులా కలిపి ఆరు పాటలు. ఒక్కో అక్షరం శిల్పి ఉలితో కొట్టాలి. ఆ రాగి ఖర్చు, ఆ కూలీ ఊహించుకోండి. ఇవాళ మనం హార్డ్ డిస్క్ కొనడానికే వెనకాడుతున్నాం. ఆ రేకుల్ని తిరుమల గుళ్ళో హుండీ ఎదురుగా ఒక చిన్న రాతి అరలో భద్రం చేశారు. దాన్నే సంకీర్తన భాండాగారం అంటారు. దర్శనం అయ్యాక తోపులాటలో హుండీ దగ్గరికి వస్తాం కదా, అక్కడే. గుమ్మానికి రెండు పక్కలా తండ్రీకొడుకుల శిల్పాలు ఉంటాయి. ఈసారి వెళ్ళినప్పుడు చూడండి.

తర్వాత రాజ్యాలు పోయాయి, తాళ్ళపాక వంశం వైభవం పోయింది, పాడేవాళ్ళు తగ్గిపోయారు. గత శతాబ్దం 20ల్లో ఆ రేకులు మళ్ళీ వెలుగు చూశాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు, ఆ తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు కూర్చుని ఒక్కో రేకూ చదివి, పరిష్కరించి పుస్తకాలు చేశారు. దేవస్థానం అచ్చు వేసింది.

పిన్నిగారి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. రేకు మీద ప్రతి పాట పైనా రాగం పేరు ఉంటుంది: సామంతం, బౌళి, గుండక్రియ, దేసాక్షి, శ్రీరాగం, ఇలా. స్వరాలు మాత్రం ఉండవు. అన్నమయ్య ఏ స్వరం దగ్గర ఆగాడో, పల్లవిని ఎలా ఎత్తుకున్నాడో ఆ రేకు చెప్పదు. పాడే పరంపర తెగిపోయింది కాబట్టి నేర్పేవాళ్ళూ లేరు. మాట మిగిలింది, పాట పోయింది. ఆ మాటలకి మళ్ళీ ప్రాణం పోసింది మొదట రాళ్ళపల్లి వారు, తర్వాత నేదునూరి కృష్ణమూర్తి గారు, బాలకృష్ణప్రసాద్ గారు, ఇంకా ఎందరో. వాళ్ళు కూర్చుని కొత్తగా బాణీలు కట్టారు, ఒక్కొక్కరు వందకు పైగా, బాలకృష్ణప్రసాద్ గారైతే వందల కొద్దీ. మనం కళ్ళు మూసుకుని అన్నమయ్య గొంతు అనుకుని వింటున్నది చాలావరకు మన తాతల కాలం వాళ్ళు చేసిన సంగీతం.

ఇక చట్టం. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచనకీ, సంగీతానికీ వేరువేరుగా హక్కులు ఉంటాయి. కట్టినవాళ్ళు పోయాక, తర్వాతి ఏడాది మొదలుకుని 60 ఏళ్ళు. రికార్డింగ్‌కి మూడో హక్కు, అది విడుదలైన మర్నాటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. లెక్క వేసి చూడండి. అన్నమయ్య సాహిత్యం మీద ఎవరికీ ఏ హక్కూ లేదు. రాళ్ళపల్లి వారు 1979లో వెళ్ళిపోయారు, అంటే ఆయన బాణీల మీద హక్కు 2039 చివరిదాకా ఉంటుంది. నేదునూరి వారు 2014లో వెళ్ళిపోయారు, 2074 దాకా. 1997 సినిమా రికార్డింగ్ మీద 2057 దాకా. ఆ హక్కు వారసుల దగ్గర ఉందా, పాట చేయించిన సంస్థ దగ్గర ఉందా అన్నది వాళ్ళ ఒప్పందాలను బట్టి. గుళ్ళో, ఇంట్లో పూజలో, పెళ్ళి ఊరేగింపులో నిజంగా జరిగే కార్యక్రమంలో పాడుకుంటే చట్టమే మినహాయింపు ఇచ్చింది, భయం అక్కర్లేదు. ప్రకటనలు వేసుకుని డబ్బు తీసుకునే మా ఛానల్‌ని ఆ పూజ కింద లెక్కగట్టమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

పిన్నిగారు పాడిన బాణీ గత శతాబ్దపు విద్వాంసుడిదని క్యాసెట్ కవర్ చూస్తే తేలింది. క్లెయిమ్ వేసిన కంపెనీకి ఆ బాణీ మీద నిజంగా హక్కు ఉందో, కేవలం క్యాసెట్ మీదే ఉందో ఇప్పటికీ నాకు తెలీదు. యూట్యూబ్ కంటెంట్ ఐడి ఒప్పందాలు చదవదు, శబ్దాన్ని పోల్చి చూస్తుంది అంతే. వాళ్ళది తప్పయినా అయి ఉండొచ్చు. కానీ పాట అన్నమయ్యది కాబట్టి అంతా నాదే అని నేను రాసిన కారణం మాత్రం ఖచ్చితంగా తప్పు. డిస్ప్యూట్ వెనక్కి తీసుకున్నాను, వీడియో తీసేశాను.

ఇప్పుడు పిన్నిగారు అదే కీర్తన తీసుకుని, రేకులో రాసి ఉన్న రాగంలోనే సొంతంగా బాణీ కడుతున్నారు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి. పల్లవి అయింది, చరణం దగ్గర ఇంకా కుస్తీ పడుతున్నారు. కుదిరితే వచ్చే శనివారం పెడతాం, పేరు ఆవిడదే వేస్తాం, వద్దన్నా సరే.

ఇంకో పని కూడా మొదలుపెట్టాం. పాత వీడియోలన్నిటి కిందా ఇన్నాళ్ళూ అన్నమాచార్య అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఇప్పుడు ఒక్కోదానికీ బాణీ ఎవరిదో వెతికి పేరు చేరుస్తున్నాం, అనుమతి అవసరమైన చోట ఉత్తరాలు రాస్తున్నాం. పదకొండు పూర్తయ్యాయి. రెండు కీర్తనలకు మాత్రం బాణీ కట్టిందెవరో ఎంత వెతికినా దొరకలేదు. మీ ఇళ్ళల్లో అటకమీద పాత అన్నమయ్య క్యాసెట్లు ఉంటే, కవర్ వెనక వైపు ఒక ఫోటో తీసి పంపండి.