చార్లెస్ గుడ్‌ఇయర్

ఇటిక్యాల సమీపమున, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా హైదరాబాదు–బెంగుళూరు రహదారి సాగిపోవుచున్నది. నడివేసవి యెండలో పరుగెత్తినను కార్ల టైర్లు కరగవు. అరుగుట మాత్రము తప్పదు. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినచో టైరును మార్పవలయును. పచ్చి రబ్బరుతో చేసిన టైరైనచో ఒక్క వేసవికైనను నిలువదు. ఈ లోపమును తీర్చినవాడు చార్లెస్ గుడ్‌ఇయర్.

ఇతడు 1800 లో అమెరికాలోని న్యూహేవెన్ నగరమున జన్మించెను. ఇనుపసామాను వర్తకము చెడి, అప్పులపాలై, చెరసాలను సైతము చూచెను. నాటి రబ్బరు వేసవిలో జిగురై, చలికి పెళుసై పగులుచుండెను. దానిని బాగుచేయవలెనని అతడు పట్టుపట్టెను. ప్రభుత్వమునకై చేసిన తపాలా సంచులు వేడికి కారిపోయెను.

1839 లో గంధకము కలిపిన రబ్బరు ముక్క యొకటి వేడి పొయ్యికి తగిలెను. అది కరగక, తోలువలె గట్టిపడెను. ఇది అదృష్టమని పలువురందురు. ఐదేండ్లుగా వెదకుచున్నవానికి గాక అన్యులకు అది మాడిన చెత్తయే! ఎంత వేడి, ఎంతసేపు కావలెనో తేలుటకు మరికొన్నేండ్లు పట్టెను. ఆ దినములలో పిల్లల పాఠ్యపుస్తకములను సైతము అమ్ముకొనెను. బిడ్డలలో పలువురు పసితనముననే మరణించిరి. ఇంతటి పట్టుదల కుటుంబమునకు న్యాయమా యని అడుగుట తప్పుగాదు.

1844 లో అమెరికాలో పేటెంటు లభించెను. ఇంగ్లండులో ఆ హక్కు థామస్ హాన్‌కాక్‌కు దక్కెను. 1860 జూలై 1 న మరణించునాటికి గుడ్‌ఇయర్‌కు సుమారు 2,00,000 డాలర్ల అప్పుండెను. నేటికిని టైర్ల రబ్బరును గంధకముతో కాచియే గట్టిపరచుచున్నారు. 1898 లో ఆక్రన్ నగరమున వెలసిన టైర్ల కంపెనీ ఇతని పేరు పెట్టుకొనెను. అందు ఇతని కుటుంబమునకు పాలు లేదు.