తాగుడు మానమన్న భాగ్యరెడ్డి వర్మ, పేరు మార్చాలని ఎందుకు పట్టుబట్టారు?

మన సంక్షేమ హాస్టళ్లకు వచ్చి వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు చెప్పేది ఒక్కటే. నువ్వు మారితే నీ బతుకు మారుతుందని. కులం ఊసే రాదు. అది వినీ వినీ మన విద్యార్థుల్లో కొందరికి మంచి అలవాట్ల గురించి ఎవరు మాట్లాడినా చిరాకు. ఆ చిరాకులోనే భాగ్యరెడ్డి వర్మను కూడా ఉత్త సంఘ సంస్కర్త అని పక్కన పెట్టేస్తున్నారు. అది అన్యాయమని మేం అనుకుంటున్నాం.

1888లో హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టిన మాదరి భాగయ్యే ఆయన. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో వాడల్లోకి వెళ్లారు. 1910లో ఇసామియా బజార్‌లో బడి తెరిచారు. మరుసటి ఏడాది మండలి మన్య సంఘమైంది. తాగొద్దు, బాల్యవివాహాలు చెయ్యొద్దు, ఆడపిల్లను జోగినిగా మార్చొద్దు, బిడ్డల్ని బడికి పంపండి. ఇవే ఆయన చెప్పినవి. అగ్రకుల సంస్కర్తలూ దాదాపు ఇవే చెప్పేవారు. ఆయన వాళ్లతో కలిసి పనిచేశారు కూడా. వర్మ అన్న బిరుదు ఆర్యసమాజం ఇచ్చిందే.

తేడా 1917లో బెజవాడలో తెలిసింది. అక్కడ జరిగిన పంచమ మహాసభకు ఆయనే అధ్యక్షులు. పంచమ అన్న పేరునే ఆయన ఒప్పుకోలేదు. మనం ఈ నేలకు తొలి వారసులమన్నారు. సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది.

సంస్కర్తల సలహాలో ఒక నింద దాగి ఉంటుంది. మీరు తాగుతారు, శుభ్రంగా ఉండరు, అందుకే దూరం పెట్టామని. ఆ లెక్కన అంటరానితనం అంటరానివాళ్ల తప్పే అవుతుంది. ఆది ఆంధ్ర అన్న పేరు ఆ లెక్కను తలకిందులు చేసింది. మనం నేల పోగొట్టుకున్న జనమైతే, తాగుడు మానడం ఎవరి మెప్పు కోసమో కాదు, పోయినదాన్ని అడగడానికి ఒంట్లో సత్తువ నిలుపుకోవడానికి.

పేరు ప్రభుత్వ కాగితాల్లోకీ ఎక్కింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను గుర్తించింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో మనవాళ్లు ఆది హిందువులుగా నమోదయ్యారు. వేరుగా లెక్కకొస్తేనే బడుల్లో, కొలువుల్లో వాటా అడగడానికి వీలుంటుంది.

ఆ పేరులోని హిందూ అన్న మాట మాకు ఇబ్బందే. అంబేడ్కర్ తర్వాత చదువుతున్నవాళ్లం కదా. ఆయన మాత్రం ఆది అన్న మాట మీదే బరువంతా పెట్టి, 1939 ఫిబ్రవరిలో కన్నుమూసే దాకా అలాగే పనిచేశారు.