కత్తెర పట్టిన చిత్రకారుడు

మన యూనియన్ సావనీరుకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు ముందు కాలేజీ జ్ఞాపకాలేవో రాద్దామనుకున్నాను. కాని కొంతకాలంగా నా మనసులో ఒక మనిషి తిరుగుతున్నారు. ఆయన మన దేశంవాడు కాదు, మన కాలంవాడూ కాదు. ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మతీస్. ఆయన గురించి చెప్పాలంటే నా గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా పెద్దపేగంతా పుండ్లు పడింది. మందులకు లొంగకపోతే ఆపరేషన్ చేసి దాన్ని తీసేశారు. చిన్నపేగు కొసను పొట్టమీదికి తెచ్చి కుట్టారు. దాన్నే స్టోమా అంటారు. మలం అందులోంచి వచ్చి, పొట్టకు అంటించుకున్న సంచిలో పడుతుంది. ప్రాణం దక్కిందని ఇంట్లోవాళ్లు మొక్కులు తీర్చుకున్నారు. నాకు మాత్రం బతుకు అక్కడితో ఆగిపోయినట్టే తోచింది. క్లాసులో చప్పుడు వస్తే? బస్సులో వాసన వస్తే? ఈ భయాలతో ఏడాది పాటు గడప దాటలేదు. ఆ రోజుల్లోనే మా అక్క లైబ్రరీనుంచి ఒక బొమ్మల పుస్తకం తెచ్చింది. చక్రాల కుర్చీలో కూర్చుని, పెద్ద కత్తెరతో రంగు కాగితం కత్తిరిస్తున్న గడ్డం పెద్దాయన ఫోటో ఒకటి అందులో ఉంది. ఈయన బొమ్మలు గీసేవాడా, కాగితాలు కత్తిరించేవాడా అని చదవడం మొదలుపెట్టాను.

మతీస్ 1869 డిసెంబరు 31న ఉత్తర ఫ్రాన్సులో లె కాతో అనే ఊళ్లో పుట్టారు. తండ్రి ధాన్యం, విత్తనాల వ్యాపారి. కొడుకు లా చదివి ఒక ప్లీడరు ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. ఇరవై ఏళ్ల వయసులో కడుపుజబ్బు చేసి నెలల తరబడి మంచం పట్టాడు. పొద్దుపోవడానికి తల్లి ఒక రంగుల పెట్టె తెచ్చి ఇచ్చింది. అంతే, మనసు లా పుస్తకాల మీదినుంచి పూర్తిగా మళ్లిపోయింది. తండ్రికి ఇష్టం లేకపోయినా 1891లో బొమ్మలు నేర్చుకోవడానికి పారిస్ చేరాడు. 1905లో అక్కడి ప్రదర్శనలో ఆయనా, ఆయన మిత్రులూ పెట్టిన చిత్రాల్లోని రంగుల ఉద్ధృతి చూసి ఒక విమర్శకుడు వాళ్లను క్రూరమృగాలతో పోల్చాడు. వెక్కిరింతగా పుట్టిన ఆ పేరే కళాచరిత్రలో ఫావిజం అని నిలిచిపోయింది. తర్వాత్తర్వాత పికాసోతో సమానంగా ఆయన పేరు చెప్పుకునే రోజులు వచ్చాయి.

యాభై ఏళ్లు గడిచాక మళ్లీ కడుపే ఎదురు తిరిగింది. అప్పటికి ఫ్రాన్సు యుద్ధంలో ఓడిపోయి ఉంది. భార్య 1939లోనే విడిపోయింది. 1941 జనవరిలో, 71 ఏళ్ల వయసులో, లియాన్ నగరంలో పేగు క్యాన్సరుకు ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కట్టి చావు అంచుదాకా వెళ్లారు. బతికి బయటపడితే, సేవ చేసిన నన్‌లు ఆయనకు చచ్చి బతికినవాడని పేరు పెట్టారు. పని పూర్తిచేసుకోవడానికి మూడు నాలుగేళ్లు ఇప్పించమని ఆయన డాక్టర్లను అడిగారట. దక్కినవి దాదాపు 14 ఏళ్లు.

అయితే ఆ ఏళ్లు ఊరికే దక్కలేదు. పొట్ట కండరాలు దెబ్బతిని ఎక్కువసేపు నిలబడలేని స్థితి. స్టాండు ముందు గంటల తరబడి నిలబడి రంగులు వేసే మనిషికి అంతకంటే దెబ్బ ఏముంటుంది? మంచం, లేదంటే చక్రాల కుర్చీ. దానికి తోడు నిద్ర పట్టని రాత్రులు. 1944లో భార్యనూ కూతురు మార్గరీట్‌నూ రహస్య పోరాటంలో ఉన్నారని నాజీ పోలీసులు పట్టుకెళ్లారు. కూతుర్ని చిత్రహింసలు పెట్టారు. ఆమె ప్రాణాలతో బయటపడేదాకా ఆ తండ్రి ఏం అనుభవించి ఉంటారో ఊహించుకోవలసిందే.

ఇంత జరుగుతున్నా ఆయన పని మానలేదు, పనిముట్టు మార్చారు. సహాయకులు కాగితాలకు రంగులు పూసి ఆరబెట్టేవారు. ఆయన కూర్చున్నచోటే కత్తెరతో ఆకులు, పిట్టలు, మనుషుల ఆకారాలు కత్తిరించేవారు. ఏ ముక్క ఎక్కడుండాలో చెబితే వాళ్లు గోడకు పిన్నులు గుచ్చేవారు. కొంచెం పైకి, కాదు కాదు ఇటు పక్కకి, ఇలా ఎన్నిసార్లయినా మార్పించేవారు. పొడుగాటి కర్ర కొసకు బొగ్గు కట్టుకుని మంచంలోంచే గోడమీద గీసేవారు. అలా 1947లో జాజ్ అనే పుస్తకం వెలువడింది. తనకు రాత్రిపూట సేవ చేసిన నర్సు తర్వాత క్రైస్తవ సన్యాసిని అయితే, ఆమె పూనికతో వాన్స్ అనే ఊళ్లో ప్రార్థనామందిరానికి అద్దాల కిటికీలతో సహా అన్నీ రూపొందించి 1951కి పూర్తిచేశారు. 1953లో చేసిన నత్త అన్న చిత్రం తొమ్మిదడుగుల పైచిలుకు ఎత్తు. నిలబడలేని మనిషి చేసిన పని అది!

నన్ను ఆలోచింపజేసింది ఆయన ధైర్యం కాదు. ధైర్యం కథలు ఆస్పత్రిలో చాలామంది చెప్పారు. ఇతరుల చేతులు వాడుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు, అదీ నన్ను పట్టుకుంది. నేనేమో సంచి సంగతి ప్రాణస్నేహితుల దగ్గర కూడా దాచాను.

ఆయన జబ్బు వేరు, నా జబ్బు వేరు. కాని నా చేతిలోనూ ఒక కత్తెర ఉంది. సంచి మార్చిన ప్రతిసారీ ఒంటికి అంటించే బిళ్లకు స్టోమా కొలతకు సరిగ్గా రంధ్రం కత్తిరించుకోవాలి. పెద్దదైతే చర్మం ఒరిసిపోతుంది, చిన్నదైతే పేగును నొక్కుతుంది. మొదట్లో ఏడుస్తూ కత్తిరించేవాణ్ణి. ఆ ఫోటో చూశాక ఏడుపు తగ్గి శ్రద్ధ పెరిగింది.

మరుసటి ఏడు మళ్లీ కాలేజీలో చేరాను. హాస్టల్లో మొదటి వారమే రూమ్మేటుకు అంతా చెప్పేశాను. వాడు కాసేపు ఆలోచించి, అయితే బాత్రూం పక్కనున్న గది అడుగుదాంరా అన్నాడు. అంతే, ఏడాది భయం ఒక్క మాటతో సగమైంది. సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేసుకుంటాను. పెద్దపేగు లేదు కాబట్టి నీళ్లూ ఉప్పూ ఒంట్లో తగ్గకుండా చూసుకుంటాను. బరువులెత్తను. సాయంత్రం షటిల్ ఆడతాను, బాగానే ఓడిపోతాను. అది స్టోమా తప్పు కాదు.

మతీస్ 1954 నవంబరు 3న నీస్ నగరంలో, 84వ ఏట కన్నుమూశారు. చివరిదాకా పని చేస్తూనే ఉన్నారు. మిత్రులారా, మన క్లాసుల్లో నాలాంటివాళ్లు ఇంకా ఉండొచ్చు, పైకి కనబడరు. వాళ్లమీద జాలి పడనక్కర్లేదు. తలుపు దగ్గర సీటు వదలండి, మధ్యలో లేచి వెళితే ఎందుకని అడగకండి. లెక్చరర్లకు కూడా ఇదే నా మనవి. మిగతా కత్తిరింపు మేం చూసుకుంటాం.