శాండ్‌విచ్ ప్రభువు

రెండు రొట్టె ముక్కల నడుమ కూరగాయలో, మాంసమో, కోడిగుడ్డో పెట్టుకొని తినే ఆహారాన్ని శాండ్‌విచ్ అంటాము. బొంబాయి వీధుల్లో అదే రొట్టెలో ఉడికించిన బంగాళాదుంప, దోసకాయ, పచ్చని చట్నీ చేరాయి. కాని శాండ్‌విచ్ మొదట ఒక ఊరి పేరు. ఆ ఊరు ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో ఉన్నది. దాని పేరు మీద మాంటెగ్యూ వంశం వారికి 1660లో ఎర్ల్ అనే బిరుదు వచ్చింది. ఆ బిరుదు పొందిన నాలుగవ ప్రభువు జాన్ మాంటెగ్యూ. ఊరి పేరు ఆహారానికి రావటానికి కారకుడు ఆయనే.

జాన్ మాంటెగ్యూ 1718లో జన్మించాడు. పసితనంలోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. 1729లో తాతగారు మరణించగా పదేళ్ళ వయస్సులోనే ప్రభువు అయ్యాడు. ఈటన్ పాఠశాలలో, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చదివాడు. తరువాత ఓడ ఎక్కి ఇటలీ, గ్రీసు, టర్కీ, ఈజిప్టు దేశాలు చూసి వచ్చాడు. బిరుదు పెద్దదే గాని ఆస్తి అంతంత మాత్రం. అందుచేత ప్రభుత్వోద్యోగమే ఆయనకు ఆధారమయింది.

ఆయన మూడు పర్యాయాలు నౌకాదళ మంత్రిగా పనిచేశాడు. ఓడలు కట్టే రేవులకు స్వయంగా వెళ్ళి తనిఖీ చేసేవాడు. ఆ రోజుల్లో చెక్క ఓడల అడుగుభాగాన్ని సముద్రపు పురుగులు తొలిచేవి. నాచు పట్టి ఓడల వేగం తగ్గేది. ఆయన హయాములో, 1779 మొదలుకొని, యుద్ధనౌకల అడుగున రాగి రేకులు తాపడం చేయించే పని పెద్దఎత్తున సాగింది. కెప్టెన్ జేమ్స్ కుక్ సముద్రయాత్రలకు కూడా ఆయన అండగా నిలిచాడు. అందుకు కృతజ్ఞతగా కుక్ 1778లో తాను చేరిన హవాయి దీవులకు శాండ్‌విచ్ దీవులని పేరు పెట్టాడు.

ఇక ఆహారం సంగతి. గ్రోస్లే అనే ఫ్రెంచి యాత్రికుడు 1765లో లండను నగరాన్ని చూశాడు. ఒక మంత్రి జూదపు బల్ల వదలలేక ఇరవైనాలుగు గంటలపాటు రొట్టె ముక్కల మధ్య మాంసం పెట్టుకొని తిన్నాడనీ, ఆ వంటకానికి ఆయన పేరే వచ్చిందనీ తన పుస్తకంలో రాశాడు. ఆ కథ లోకమంతా పాకింది. అయితే 1993లో ఆయన జీవితచరిత్ర రాసిన ఎన్. ఎ. ఎం. రోజర్ దానిని అంగీకరించలేదు. గ్రోస్లే చెప్పిన కాలంలో ఆయన రాచకార్యాలలో మునిగి ఉన్నాడు. కాబట్టి పని బల్ల ముందు కూర్చొని, కాగితాలు చూస్తూ అలా తిని ఉండవచ్చునని రోజర్ అభిప్రాయం.

నిజానికి రొట్టెలో పదార్థాలు పెట్టుకొని తినటం ఆయనతో మొదలు కాలేదు. క్రీస్తుకు పూర్వమే హిల్లెల్ అనే యూదు గురువు పండుగనాడు పులియని రొట్టెతో మాంసమూ, చేదు ఆకులూ కలిపి తిన్నాడని ఆ మతస్థుల సంప్రదాయం చెబుతుంది. ప్రభువు ఇచ్చింది పేరు మాత్రమే.

అమెరికా వలసలతో జరిగిన యుద్ధంలో బ్రిటన్ ఓడిపోయింది. నింద చాలవరకు నౌకాదళ మంత్రి మీద పడింది. 1782లో ఆయన పదవి నుంచి తప్పుకున్నాడు. 1792లో మరణించాడు. హవాయి దీవులు తిరిగి తమ పాత పేరుతోనే ప్రసిద్ధి పొందాయి. రాగి తాపడం చేసిన ఓడలు కాలగర్భంలో కలిసిపోయాయి. ఏళ్ళ తరబడి చేసిన పని మరుగున పడి, ఒక పూట తిన్న తిండి గురించిన కథ మాత్రం నిలిచింది. ఒక మనిషిని గురించి పదిమంది చెప్పుకొనే మాట ఒకటి; ఆ మనిషి చేసిన పని మరొకటి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన తరువాతనే ఎవరినైనా మంచివాడనో, చెడ్డవాడనో నిర్ణయించటం న్యాయం.